త్యాగం ఎప్పుడు వెట్టి అవుతుంది? : లాభాపేక్షలేని కళాసంస్థల్లో నాయకత్వ నైతికత

కళాసంస్థ అనగానే తెలుగు పాఠకుని మనసులో మెదిలే చిత్రం ఉదాత్తమైనది. పొలాలమ్మి నాటకాలాడినవారు, ఉద్యోగం వదులుకొని పాట పట్టుకొని ఊళ్లు తిరిగినవారు, రుసుము తీసుకోకుండా పిల్లలకు నాట్యం నేర్పినవారు ఆ చిత్రంలో కనిపిస్తారు. అటువంటివారు చరిత్రలో నిజంగానే ఉన్నారు. అయితే ఆ సంస్థల్లో తెర లాగినవారు, లెక్కలు రాసినవారు, బృందంలో చివరి వరుసలో నిలబడి ఆడినవారు తమ నాయకుని చేతిలో ఏమి అనుభవించారన్నది అంతగా నమోదు కాలేదు. నమోదైన చోట కూడా అది మహనీయుని ముక్కోపంగా, ఆయన వ్యక్తిత్వానికి వన్నె తెచ్చే ముచ్చటగా నమోదయింది. శిష్యుని చెంప మీద పడిన దెబ్బ షష్టిపూర్తి సంచికలో ఆశీర్వచనంగా మారిపోవడం సంస్మరణ సాహిత్యంతో పరిచయమున్నవారికి కొత్త కాదు.

లాభాపేక్షలేని కళాసంస్థలో నాయకుడు తన సిబ్బందిని, కళాకారులను అణచివేసినప్పుడు ఆ చర్యలోని తప్పు ఏమిటన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. కర్మాగారంలో కూలి ఎగవేస్తే ఆ డబ్బు యజమాని జేబులోకి పోయిందని చూపించవచ్చు. కళాసంస్థలో అలా చూపించడం కష్టం. నాయకుడు చాలాసార్లు తానూ జీతం తీసుకోడు, సంస్థకు ఆస్తి ఉండదు, మిగులు ఉండదు. ఎవరి సొత్తూ దోచుకోలేదని ఆయన అంటే ఆ మాట నిజమే కావచ్చు. అయినా అక్కడినుంచి విరిగిన మనసుతో బయటికి వచ్చినవారికి తమకేదో అన్యాయం జరిగిందని తెలుసు, దానికి పేరు మాత్రం దొరకదు. తెలంగాణ ప్రజల భాషలో ఆ పేరు చాలాకాలంగా ఉన్నదనీ, అది ‘వెట్టి’ అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వెట్టిని కూలి లేని పనిగా నిర్వచించడం పరిపాటి. ఆ నిర్వచనం సగమే. కాదనే వీలు లేకపోవడం దాని రెండో సగం, నైతికంగా చూస్తే ముఖ్యమైన సగం.

దుష్ప్రవర్తన అన్నప్పుడు ఒకనాటి కోపాన్ని గాని, సాధనలో అవసరమైన కాఠిన్యాన్ని గాని ఈ వ్యాసం ఉద్దేశించడం లేదు. పదేపదే అందరి ముందు కించపరచడం, చేసిన పనికి పేరు దక్కనీయకపోవడం, పారితోషికాన్ని దయగా మార్చడం, ఎదురు చెప్పినవారికి వేదిక లేకుండా చేయడం, వీటన్నిటినీ ‘కళ కోసం’ అన్న ఒక్క మాటతో కప్పడం ఇక్కడి విషయం. లైంగిక వేధింపు వీటిలో అతి తీవ్రమైన రూపం. అది సాధారణంగా తక్కినవాటికి అలవాటుపడిన వాతావరణంలోనే సాధ్యమవుతుంది.

వకీళ్ల నాటకం, మిరాశి ఆట

కళకు కూలి అడగడం చిన్నతనమన్న భావన తెలుగునాట ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. ఆధునిక తెలుగు నాటకరంగానికి పునాది వేసిన బళ్లారిలో దీనికొక స్పష్టమైన చిరునామా ఉంది. సరసవినోదినీ సభను నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు న్యాయవాది. ఆయనకు పోటీగా సుమనోరమ సభను నడిపిన కోలాచలం శ్రీనివాసరావు న్యాయవాది. ధర్మవరం వారి మేనల్లుడు, తెలుగు నటనకు దేశాంతర ఖ్యాతి తెచ్చిన బళ్లారి రాఘవ కూడా న్యాయవాదే. రాఘవ నటనను జీవనోపాధిగా చేసుకోలేదు. ప్రదర్శనల ద్వారా వచ్చిన సొమ్ము సత్కార్యాలకు వెళ్లింది. నటుడంటే చిన్నచూపు చూసే సమాజంలో, చదువుకున్నవారు ముఖానికి రంగు పూసుకోవడానికి సంకోచించే కాలంలో, డబ్బు ముట్టకపోవడం ఒక గౌరవ ప్రకటన. ఆ ప్రకటన లేకపోతే నాటకం మధ్యతరగతి ముంగిట్లోకి వచ్చేది కాదేమో.

ఆ ఆదర్శాన్ని ప్రతిష్ఠించిన ముగ్గురికీ పగలు కోర్టు ఉంది. వారు వదులుకున్నది రెండో ఆదాయాన్ని. మొదటి ఆదాయమే లేనివారి ముందు ఆ ఆదర్శాన్ని కొలబద్దగా పెట్టినప్పుడు దాని అర్థం మారిపోతుంది. ఇది రాఘవ తప్పు కాదు. ఆయన తన కోసం ఎంచుకున్న నియమాన్ని తరువాతివారు ఇతరుల మీద రుద్దడంలో తప్పు ఉంది.

తెలుగునాట కళకు ఇంకొక వంశవృక్షం కూడా ఉన్నది. అందులో కూలి అడగడం సిగ్గు కాదు, హక్కు. తెలంగాణలో చిందు భాగవతులు ఊరూరా తిరిగి యక్షగానం ఆడి, మాదిగ కుటుంబాల దగ్గర తమకు రావలసినది తీసుకుంటారు. దాన్ని భిక్ష అనరు, ‘మిరాశి’ అంటారు. ఏ ఊరు ఏ కుటుంబానిదో తరాలుగా పంపకమై ఉంటుంది. ఒక కుటుంబం మిరాశి ఊళ్లో ఇంకొకరు ఆడితే తగవు పెద్దమనుషుల దాకా పోతుంది. కళకు చెల్లింపు ఇచ్చేవాని ఇష్టం మీద కాక, ఒప్పుకున్న సంబంధం మీద ఆధారపడి ఉండటం ఇందులోని సారం. ఈ వ్యవస్థను ఆదర్శంగా చూపడం సాధ్యం కాదు. అది కులం గీసిన గీతల లోపల నడిచింది, ఆ కళాకారులకు హక్కు ఇచ్చింది గాని మర్యాద ఇవ్వలేదు. వకీళ్ల నాటకంలో మర్యాద ఉంది, చెల్లింపు లేదు. మిరాశి ఆటలో చెల్లింపు ఉంది, మర్యాద లేదు. నేటి కళాసంస్థ చెడినప్పుడు మొదటిదానినుంచి చెల్లింపు లేకపోవడాన్నీ, రెండోదానినుంచి మర్యాద లేకపోవడాన్నీ తీసుకొంటున్నది.

ఈ రెండింటి మధ్య నిలబెట్టి చూడవలసిన సంస్థ సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఈ కుటుంబ నాటకసమాజానికి చెందినవారు ఇప్పుడు హైదరాబాదు నుంచి పటాన్‌చెరు వెళ్లే దిక్కున శేరిలింగంపల్లిలో కాలనీ ఏర్పరచుకొని ఉన్నారు. రాజు వేషం కట్టినవాడే మరునాడు తెర లాగుతాడు. లేమి ఉంటే అందరికీ ఉంటుంది. ‘మనదంతా ఒక కుటుంబం’ అన్న మాట అక్కడ వాస్తవ వర్ణన. రక్తసంబంధం గాని, ఆస్తిలో వాటా గాని, నిర్ణయంలో పాలు గాని లేని ఉద్యోగితో కార్యదర్శి అదే మాట అన్నప్పుడు అది వర్ణన కాదు, ఓవర్‌టైము అడగడానికి ముందు పలికే నాంది. లేమిని పంచుకోవడానికీ, లేమిని కింది మెట్టుకు తోసివేయడానికీ ఉన్న తేడాను లెక్కల పుస్తకం చూపిస్తుంది. డబ్బు లేని సంస్థ తన సిబ్బందికి తక్కువ ఇచ్చిందని నిందించడం న్యాయం కాదు. ఎంత వచ్చిందో, ఎవరికి ఎంత పోయిందో చెప్పనక్కరలేదని అనుకున్నప్పుడు నింద మొదలవుతుంది.

కళాకారుడు కార్మికుడా?

న్యాయస్థానాలు ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నాయి. ఆ తీర్పులను నీతిశాస్త్ర గ్రంథాలుగా కూడా చదవవచ్చు. 1978లో బెంగుళూరు నీటిసరఫరా మండలి కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పారిశ్రామిక వివాదాల చట్టంలోని ‘పరిశ్రమ’ అన్న మాటకు అర్థం చెప్పింది. క్రమబద్ధమైన కార్యకలాపం, యజమానికీ ఉద్యోగికీ మధ్య సహకారం, మానవుల అవసరాలు తీర్చే వస్తువు లేదా సేవ ఉంటే చాలు, లాభాపేక్ష ఉందా లేదా అన్నది అప్రస్తుతం అని జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన ప్రధాన తీర్పు సారాంశం. ఉదాత్త లక్ష్యం యజమానికి ఉండవచ్చు గాని అది ఉద్యోగి కడుపు నింపదన్న గ్రహింపు ఆ తీర్పు వెనుక ఉన్నది.

అదే తీర్పు ఒక చిన్న మినహాయింపు కూడా ఇచ్చింది. ఒక పుణ్యకార్యంలోనో పరోపకారంలోనో భాగం పంచుకోవాలన్న కోరికతో, ఉచితంగా గాని నామమాత్రపు గౌరవవేతనంతో గాని చేరినవారితో నడిచే సంస్థలు పరిశ్రమ కావు. ఉచిత న్యాయసహాయం చేసే వకీళ్లు, ఆశ్రమంలో ఒక మహనీయుని ఆజ్ఞ మేరకు పనిచేసే ఆశ్రమవాసులు అక్కడి ఉదాహరణలు. కళాసంస్థల నైతిక సమస్య అంతా ఈ మినహాయింపు వాకిట్లో నిలబడి ఉన్నది. ప్రతి చెడ్డ నాయకుడూ తన సంస్థ ఆశ్రమమని చెప్పుకోవాలని చూస్తాడు. అందులో చేరిన యువతీయువకుల్లో కొందరు నిజంగానే ఆశ్రమవాసుల మనసుతో వస్తారు. వచ్చిన మనసు ఆరు నెలల తరువాత, అద్దె కట్టవలసిన రోజున అలాగే ఉందా అని అడిగేవారు ఉండరు. త్యాగానికి సమ్మతి ఒకసారి ఇచ్చి ముగించేది కాదు.

2001లో భోపాల్‌లోని భారత్ భవన్ న్యాసానికీ అక్కడి కళాకారుల సంఘానికీ మధ్య వివాదంలో సుప్రీంకోర్టు మరొక తలుపు మూసింది. నాటక ప్రదర్శనలో పాల్గొనే కళాకారుని పని సృజనాత్మకమైనది, కనుక చట్టం చెప్పిన ‘కార్మికుడు’ అన్న మాట అతనికి వర్తించదని తీర్మానించింది. చట్టం మాటల పరిధిలో ఆ తీర్పుకు తర్కం ఉండవచ్చు. నైతికంగా చూస్తే అందులో ఒక విచిత్రం ఉంది. కళాకారుని ప్రతిభను గౌరవించే వాక్యమే అతని రక్షణను తీసివేస్తున్నది. అదే సంస్థలో దీపాలు వెలిగించే మనిషి చట్టం నీడలో ఉండవచ్చు, ఆ దీపాల వెలుగులో నిలబడినవాడు ఉండడు. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ఇంకొక అడుగు వేసి, పూర్తిగా గాని అధికభాగం గాని ధార్మిక, సామాజిక, దాతృత్వ సేవలో ఉన్న సంస్థలను పరిశ్రమ నిర్వచనం నుంచే తప్పించింది. ఈ వరుసలో 1978 నాటి గ్రహింపు వెనక్కి జరుగుతూ వచ్చింది.

వీటికి ఎదురుగా నిలబడే తీర్పు 1982 నాటిది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో, కనీస వేతనానికి తక్కువగా పనిచేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమే అవుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. బలప్రయోగం కొరడా రూపంలోనే ఉండనక్కరలేదు, వేరే దారి లేకపోవడం కూడా బలప్రయోగమే అన్నది ఆ తీర్పు ఆంతర్యం. ఆ అధికరణం ఇంగ్లీషు పాఠంలో కూడా ‘బేగార్’ అన్న దేశీయపదమే ఉండటం ఇక్కడ గమనించదగినది. వెట్టికి సరైన మాట ఇంగ్లీషుకు దొరకలేదు కాబోలు.

ఈ చర్చ సంగారెడ్డి జిల్లా నేల మీద ఎలా ఉంటుందో ఒక కల్పిత ఉదాహరణతో ఆలోచించవచ్చు. పాశమైలారంలోనో బొల్లారంలోనో రసాయన పరిశ్రమలో కాంట్రాక్టు పనిచేసే తండ్రి. సంగారెడ్డిలో ఒక నృత్యసంస్థలో పిల్లలకు అడుగులు నేర్పుతూ ప్రదర్శనల్లో ఆడే కూతురు. తండ్రికి తన కష్టం చెప్పుకోవడానికి కొన్ని మాటలున్నాయి. గుత్తేదారు, షిఫ్టు, ఓటీ, పీఎఫ్, ఈఎస్‌ఐ, యూనియన్. ఆ మాటల వెనుక ఉన్న హక్కులు అందుతున్నాయా అన్నది వేరే సంగతి. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయినప్పుడు, ఆ పూట లోపల ఎవరెవరున్నారో తేల్చడానికే కుటుంబాలు రోజుల తరబడి గేటు దగ్గర నిలబడవలసి వచ్చింది. చట్టమున్నచోటే హాజరుపట్టీ అలా ఉంది. అయినా అది హాజరుపట్టీ అనీ, అది సరిగ్గా ఉండవలసిందనీ అందరికీ తెలుసు. అడగడానికి ఒక భాష ఉంది.

కూతురికి ఆ భాష లేదు. ఆమె జీతాన్ని గౌరవవేతనం అంటారు. యజమానిని గురువుగారు అంటారు. సెలవు అడిగితే అంకితభావం లేదంటారు. రాత్రి పదకొండు దాకా రిహార్సలు జరిగితే సాధన అంటారు. మానేస్తే ద్రోహం అంటారు. నిజానికి తండ్రికంటే ఆమె చదువుకున్నది, మెరుగైన బట్టలు కట్టుకుంటుంది, పత్రికలో ఫోటో పడుతుంది. ఆ ఫోటోయే ఆమె నోరు కట్టేస్తుంది. బయటివారికి ఆమె అదృష్టవంతురాలు. తండ్రి షిఫ్టు ముగిసి గేటు దాటాక గుత్తేదారు మనిషి కాడు. ఆమె మీద సంస్థ పట్టుకు గేటు లేదు. ఇంకో సంస్థలో చేరాలంటే గురువుగారి మాట కావాలి. పోటీల న్యాయనిర్ణేతలు, అకాడమీల సభ్యులు అందరూ ఆయనకు తెలిసినవారే. ఈ చిత్రంలో నాయకుడు క్రూరుడు కానక్కరలేదు. తన జీవితాన్ని కళకు ధారపోసిన మంచివాడే కావచ్చు. ఆయన మంచితనం ఆమె స్థితిని మార్చదు, ఎందుకంటే ఆమె ఆధారపడినది ఆయన మంచితనం మీద.

ఏకలవ్యుని సమ్మతి

‘ఎవరూ బలవంతపెట్టలేదు, ఇష్టపడే చేశారు’ అన్నది ఇటువంటి సంస్థల నుంచి తరచు వినవచ్చే సమాధానం. తెలుగు సాహిత్యంలో ఈ సమాధానానికి మొదటి పరీక్ష నన్నయ ఆదిపర్వంలోనే ఉన్నది. ద్రోణుడు ఏకలవ్యుని బలవంతపెట్టలేదు. దక్షిణ అడిగాడు, శిష్యుడు సంతోషంగా ఇచ్చాడు. సమ్మతి ఒక్కటే కొలత అయితే ఆ ఘట్టంలో తప్పు లేదు. అయినా తరతరాల పాఠకులు అక్కడ ఆగిపోతూనే ఉన్నారు. ద్రోణుడు ఏకలవ్యునికి నేర్పలేదు. నిషాదుని కొడుకన్న కారణంతో నేర్పనన్నాడు. ఇవ్వని విద్యకు దక్షిణ అడిగాడు. అంతకంటే, ఆయన అడిగినది ఏకలవ్యుడు సంపాదించినదానిలో భాగం కాదు, ఇక మీదట సంపాదించే శక్తినే. దక్షిణకూ దండనకూ తేడా అక్కడ చెరిగిపోయింది.

కళాసంస్థల్లో బొటనవేలు అడగడం నేడు మరీ నాజూకుగా జరుగుతుంది. శిష్యుడు కూర్చిన నృత్యరూపకం గురువు పేర వెళుతుంది. సంస్థ విడిచినవాడు అక్కడ నేర్చుకున్న అంశాలను బయట ప్రదర్శించరాదని ఆంక్ష పెడతారు. నీకు ఈ విద్య మేము పెట్టిన భిక్ష అంటారు. ఈ సందర్భాల్లో శిష్యుడు తలవంచితే దాన్ని సమ్మతి అనవచ్చునా? కాదన్నప్పుడు కూడా మనిషిగా, కళాకారుడుగా నిలబడగలిగే స్థితిలో ఉన్నవాని అవును మాత్రమే సమ్మతి అవుతుంది. కాదంటే వేదిక, పేరు, విద్య, స్నేహితులు అన్నీ ఒక్కసారిగా పోయే చోట అవును అన్న మాటకు విలువ తగ్గిపోతుంది.

త్యాగం గురించి ఒక సూక్ష్మాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. నాయకుని త్యాగం ఎంత గొప్పదైనా అది ఆయన త్యాగమే. తాను ఇల్లు అమ్మాను గనుక మీరు జీతం అడగరాదనడంలో ఆయన తన త్యాగాన్ని ఇతరుల మీద అప్పుగా రాసుకుంటున్నాడు. ఎవరూ తీసుకోని అప్పు అది. రాతపత్రం లేదు గనుక తీరడమూ ఉండదు. దొరల కాలంలో వెట్టి కూడా తాతల నాటి రుణంగా, గ్రామ మర్యాదగా, ఆనవాయితీగా కనిపించిందే గాని బలాత్కారంగా కనిపించలేదు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో సంగీత విద్వాంసుడు సారంగపాణి దొర గడీలో ఆశ్రయం పొందుతాడు. చుట్టూ వెట్టి నడుస్తుంటుంది, ఆడబాపల బతుకు కంటి ముందే ఉంటుంది. తాను విద్వాంసుడు, అతిథి. అతని సంగీతానికీ ఆ చాకిరికీ అన్నం పెట్టే చేయి మాత్రం ఒకటే. ఆ నవలను తెలంగాణ సామాజిక చరిత్రగా చదివినంతగా, కళాకారుని ఆశ్రిత స్థితి మీద రాసిన నవలగా చదవలేదనిపిస్తుంది.

సాధనలో కాఠిన్యం మాటేమిటి? కళ కఠినమైనది. తప్పు అడుగును వందసార్లు వేయించే గురువును దుర్మార్గుడనడం కళ తెలియనివారి మాట. అయితే కాఠిన్యానికి ఒక గుర్తు ఉంది, అది గురువును కూడా కట్టివేస్తుంది. తాళం తప్పితే శిష్యుని ఆపే గురువు తన తాళం తప్పినప్పుడూ ఆగుతాడు. తాళం పేరు చెప్పి శిష్యురాలి ఒంటి రంగును, కులాన్ని, ఇంటి పేదరికాన్ని ఎత్తిపొడిచే గురువు తాళం గురించి మాట్లాడటం లేదు.

గొప్పతనమనే సమర్థన

ఇంకొక సమర్థన మిగిలి ఉంది, అది అన్నిటికంటే బలమైనది. ఆయన లేకపోతే ఈ కళ లేదు. బెర్నార్డ్ విలియమ్స్ ‘నైతిక అదృష్టం’ అన్న వ్యాసంలో గోగాఁ అనే చిత్రకారుని జీవితాన్ని ఆధారం చేసుకొని ఒక ఊహాచిత్రం గీశాడు. కుటుంబాన్ని విడిచి దూరద్వీపానికి పోయిన చిత్రకారుడు గొప్ప చిత్రాలు గీయగలిగితే, ఆ విజయం అతని నిర్ణయాన్ని వెనుదిరిగి సమర్థిస్తుందా? సమర్థించవచ్చునన్న వైపుకు విలియమ్స్ మొగ్గినా, ఒక మాట విడిచిపెట్టలేదు. ఆ సమర్థన చిత్రకారునికి తన ముందు తాను నిలబడటానికి పనికిరావచ్చు గాని, విడిచిపెట్టబడినవారు దాన్ని అంగీకరించి తీరాలని లేదు. కళాసంస్థలు ఈ రెండో భాగాన్ని మరచిపోతాయి. ప్రేక్షకుడు చిత్రాన్ని చూసి చప్పట్లు కొట్టవచ్చు. భార్య చేత చప్పట్లు కొట్టించడానికి ఎవరికీ అధికారం లేదు.

బెల్జియంలో యాన్ ఫాబ్ర్ అనే ప్రసిద్ధ నాట్యదర్శకుని ట్రౌబ్లైన్ సంస్థ దీనికి ఇటీవలి ఉదాహరణ. 2018లో 20 మంది పూర్వ, ప్రస్తుత కళాకారులు బహిరంగ లేఖ రాసి అక్కడి అవమానాలను, లైంగిక ఒత్తిళ్లను బయటపెట్టారు. 2022 ఏప్రిల్‌లో ఆంట్‌వర్ప్ న్యాయస్థానం ఆయనను దోషిగా నిర్ధారించి 18 నెలల శిక్ష విధించి, దాని అమలును నిలిపి ఉంచింది. ఆ కళాకారులు ఆయన కళ గొప్పది కాదనలేదు, గొప్పదని నమ్మే చేరారు. ఆ నమ్మకమే వారిని అంతకాలం ఊరకుంచింది.

మన పొరుగున మద్రాసులో 1936లో రుక్మిణీదేవి అరండేల్ స్థాపించిన కళాక్షేత్రానికి 1993 నాటి పార్లమెంటు చట్టం జాతీయ ప్రాముఖ్యం కల్పించింది. 2023 మార్చి చివర అక్కడి విద్యార్థులు లైంగిక వేధింపుల మీద ఆవరణలోనే నిరసనకు కూర్చున్నారు. ఏప్రిల్ మొదట్లో ఒక అధ్యాపకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. తరువాత విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి నేతృత్వంలో విచారణ సంఘం ఏర్పడింది. వ్యక్తుల దోషనిర్ణయం న్యాయస్థానాల పని. ఈ వ్యాసానికి సంబంధించినది మరొకటి. చట్టప్రకారం ఉండవలసిన అంతర్గత కమిటీ ఉన్న సంస్థలో కూడా విద్యార్థులు నేల మీద కూర్చుంటే తప్ప మాట బయటికి రాలేదు. సంస్థ ప్రతిష్ఠను కాపాడవలసినవారే ఫిర్యాదు వినవలసినవారు కూడా అయినప్పుడు వారి చెవి మొదట ప్రతిష్ఠ వైపుకే తిరుగుతుంది. ఇందుకు వారు దుష్టులు కానక్కరలేదు.

నాయకుణ్ణి ప్రదర్శించేదెవరు?

మాచుపల్లె కైఫీయతులో కూచిపూడి చరిత్రకారులు తరచు ప్రస్తావించే ఒక ఘట్టం ఉంది. సిద్ధవటం సీమలో సంబెట గురవరాజు ప్రజల దగ్గర సొమ్ము పిండడానికి స్త్రీలను సైతం చిత్రహింసలు పెడుతుండగా, ఆ దారిన వెళుతున్న కూచిపూడి మేళం ఆ దారుణాన్ని చూసింది. విజయనగరం చేరి వీరనరసింహరాయల ఎదుట కేళిక పెట్టినప్పుడు ఒకరు గురవరాజు వేషం, ఇద్దరు భటుల వేషం, ఒకరు స్త్రీ వేషం కట్టి ఆ హింసనే ఆడి చూపారు. రాయలు అర్థం అడిగి తెలుసుకొని సైన్యాన్ని పంపి గురవరాజును శిక్షించాడు. కళ అధికారం ముందు సాక్ష్యం చెప్పిన సందర్భంగా దీన్ని కీర్తించడం మామూలే, అది తగినదే.

ఆ సాక్ష్యం ఎలా సాధ్యమయిందో కూడా చూడాలి. మేళం ఆ సీమది కాదు. గురవరాజు పెట్టిన అన్నం తినడం లేదు. చెప్పుకోవడానికి అతనికంటే పై అధికారి ఉన్నాడు, ఆయన వినడానికి సిద్ధంగా ఉన్నాడు. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా ఆ కేళిక ఉండేది కాదు. అదే మేళంలో నాయకుడు ఒక వేషధారిని హింసించి ఉంటే అతడు ఏ రాయల ముందు ఏ వేషం కట్టేవాడు? ఊరి దొరను, మిల్లు యజమానిని, మంత్రిని వేదిక మీద నిలదీసిన తెలుగు కళాబృందాలు తమ కార్యదర్శిని నిలదీసే రూపకాన్ని కనిపెట్టలేదు. ప్రజల కష్టాన్ని పాడే బృందంలో పాటగాని కష్టం ‘వ్యక్తిగతం’ అయిపోతుంది. పెద్ద అన్యాయం మీద పోరాడుతుండగా చిన్న అన్యాయం గురించి మాట్లాడటం శత్రువుకు ఆయుధమివ్వడమన్న వాదం అక్కడ సిద్ధంగా ఉంటుంది. లక్ష్యం ఎంత న్యాయమైనదైతే ఆ వాదం అంత బరువుగా పడుతుంది.

సంగారెడ్డి జిల్లాలోనే వేరే దారికి ఒక సూచన ఉంది. జహీరాబాదు దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో గ్రామాల దళిత మహిళలు కెమెరా పట్టి వరంగల్ బీటీ పత్తి రైతుల గోడు వంటి విషయాల మీద చిత్రాలు తీశారు. 2008 అక్టోబరులో మాచునూరులో మొదలైన సంఘం రేడియోను వారే నడిపారు. ఆ ప్రయత్నానికి చదువుకున్న స్థాపకులు, బయటి దాతలు ఉన్నారు. అయినా ఏమి ప్రసారం కావాలో నిర్ణయించే చోట ఊళ్ల సంఘాల మహిళలు కూర్చున్నారు. కళాకారుని దగ్గర మైకు మాత్రమే కాక దాని స్విచ్చు కూడా ఉండటం ఇందులో నేర్చుకోదగినది. ఆ స్విచ్చు లేని కళాకారుని గొంతు ఎప్పుడైనా ఆగిపోవచ్చు.

భరతుడు నాట్యశాస్త్రంలో సూత్రధారుని గుణాలు చెబుతూ శాస్త్రజ్ఞానాన్ని, వాద్య పరిజ్ఞానాన్ని ఎంత విస్తారంగా లెక్కించాడో, స్వభావగుణాలను కూడా అంత శ్రద్ధగా లెక్కించాడు. వాటిలో ఓర్పు, ఆత్మనిగ్రహం, ప్రియభాషణం, సత్యం, కోపం లేకపోవడం ఉన్నాయి. వీటిని అలంకారాలుగా గాక అర్హతలుగా చెప్పడం విశేషం. వాయిద్యం తెలియనివాడు సూత్రధారి కాలేనట్లే కోపాన్ని అణచుకోలేనివాడూ కాలేడని ఆ లెక్కకు అర్థం. మహాకళాకారునికి ముక్కోపం సహజమన్న మాట మన సంప్రదాయం నుంచి వచ్చిందని ఎవరైనా అంటే, ఆ సంప్రదాయంలోని మూలగ్రంథం అందుకు సాక్ష్యం చెప్పదు.

అర్హతలను ఎవరు పరిశీలిస్తారన్నది మిగిలిన సంగతి. పనిచోట మహిళల మీద లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం సొసైటీలను, ట్రస్టులను, స్వచ్ఛంద సంస్థలను పేరుపెట్టి తన పరిధిలోకి తెచ్చింది. పదిమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలవారికి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఎనిమిదిమంది నాట్యబృందంలోని మహిళ సంగారెడ్డిలోనే ఆ కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. లైంగికం కాని అవమానానికి, దక్కని పేరుకు, దయగా మారిన జీతానికి అటువంటి కమిటీ లేదు. తెలంగాణలో కళాసంస్థల్లో చాలావరకు 2001 నాటి సొసైటీల నమోదు చట్టం కింద, కనీసం ఏడుగురు సభ్యులతో, తమకు తాము రాసుకున్న నియమావళితో నమోదవుతాయి. నాయకుని మీద ఫిర్యాదు వినే మనిషిని నాయకుడు ఎంపిక చేయరాదన్న వాక్యం ఆ నియమావళిలో రాసుకోవడానికి ఖర్చు లేదు. దాతల అనుమతి కూడా అక్కరలేదు.